నా గురించి నేనే చదివిన వార్తలు

మా పట్నం పేరు రాయను. ఆదిలాబాద్ వైపు పత్తి మార్కెట్ ఉన్న ఊరు. బజారులో సగం మంది మరాఠీలో బేరమాడతారు. నేను పుట్టింది మెథడిస్టు చర్చి వెనక వాడలో. బాపు జిన్నింగ్ మిల్లులో పత్తి తూచే కాంటా దగ్గర పనిచేసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నన్ను కన్న అవ్వ జ్వరంతో పోయింది. అప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే.

ఆదివారం ఆరాధనలో బైబిల్ వాక్యం చదివే పని నాకు ఇచ్చేవారు. మైకు ముందు నిలబడితే నా గొంతు వణికేది కాదు. అంతకు మించి నాలో ప్రత్యేకం ఏమీ లేదు. డిగ్రీ రెండో సంవత్సరంలో క్రిస్మస్ కార్యక్రమాన్ని రికార్డు చేయడానికి కేబుల్ టీవీ వాళ్లు చర్చికి వచ్చారు. పట్నమంతటికీ కేబుల్ కనెక్షన్లు ఇచ్చే ఆయన కూడా వచ్చి వెనక వరుసలో నిలబడి విన్నాడు. చిన్నా పెద్దా అందరూ ఆయనను అన్న అనే పిలిచేవారు. ఇక్కడ నేనూ అలాగే రాస్తాను.

మూడో రోజు అన్న మా ఇంటికి వచ్చాడు.

"పిల్ల గొంతు మంచిగున్నది కాకా," అన్నాడు బాపుతో. "మన ఛానల్ల లోకల్ వార్తలు సదవాలె. సాయంత్రం గంట సేపే పని. నా చెల్లె లెక్క చూసుకుంట, ఫికర్ వెట్టుకోకు."

బాపు నా వైపు చూశాడు. నేను అప్పటికే ఒప్పుకున్నదానిలా నిలబడి ఉన్నాను.

స్టూడియో అంటే బట్టల దుకాణం పైన ఒక గది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత పరుపులు కొట్టి, వాటి ముందు నీలం గుడ్డ వేలాడదీశారు. కెమెరా పట్టేదీ, రికార్డు చేసింది సరిచేసేదీ ఒక్కడే మనిషి. నిర్మల్ నుంచి వచ్చాడు, మా క్రైస్తవ సంఘం వాడే. రెండేళ్ల తర్వాత అతన్నే పెళ్లి చేసుకున్నాను. మొదటి రోజు అతను కెమెరాలోంచి నన్ను చూసి, కాసేపు ఏదో సర్దుతున్నట్టు నటించి, "జర బొట్టు వెట్టుకుంటవా?" అన్నాడు.

"మనం వెట్టుకోం కదా."

"నాకెర్కనే. అన్న చెప్పిండు. మొఖం ఖాళీగ కనవడుతదంట."

స్టిక్కర్ల అట్ట అప్పటికే బల్ల మీద ఉంది. ఒకటి తీసి పెట్టుకున్నాను. చదవడం అయ్యాక తీసి అద్దం అంచుకు అతికించాను. మర్నాడు అదే తీసి మళ్లీ పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లాక బాపు ఏమంటాడో అని భయపడ్డాను. ఆయన టీవీ ముందు కూర్చుని చూశాడట. "మంచిగ సదివినవ్ బిడ్డ," అన్నాడు.

మేము చదివే వార్తలు చిన్నవి. పత్తి ధర, కరెంటు కోతలు, తప్పిపోయిన బర్రె, చనిపోయిన పెద్దమనిషి పదో రోజు కార్యక్రమం. అయిదున్నరకు రికార్డు చేసి ఏడు గంటలకు వేసేవారు. రాసి ఇచ్చిన కాగితం చూసి చదవడమే నా పని. ఆరు నెలలు తిరిగేసరికి కూరగాయల మార్కెట్లో ఆడవాళ్లు నన్ను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడం మొదలైంది. బొట్టు లేకుండా కనిపిస్తే కొందరికి అనుమానం వచ్చేది. ఒకసారి టమాటాలు తూచే ఆమె "నువ్వు వార్తల పిల్ల చెల్లెవా?" అని అడిగింది. అవునన్నాను. అక్కను అడిగినట్టు చెప్పమంది.

తర్వాత కాగితాలు ఇవ్వడం మొదలుపెట్టారు. పింఛను రాలేదని, వీధి దీపం వెలగడం లేదని రాసి నా చేతిలో పెట్టేవారు. నేను తీసుకెళ్లి అన్న బల్ల మీద పెట్టేదాన్ని. ఏది చదవాలో ఏది చదవకూడదో ఆయన నిర్ణయించేవాడు. ఒకసారి ఒక వాడలో బోరింగు చెడిపోయిందని చదివాను. మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీ మెకానిక్ వచ్చి బాగుచేశాడు. ఆ పని వారం కిందటే మంజూరైందని నా భర్త చెప్పాడు. నేను చదవకపోయినా ఆ రోజే అయ్యేది. కానీ ఆ వాడ ఆడవాళ్లు నలుగురు జొన్న రొట్టెలు, పల్లికారం గుడ్డలో కట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"నువ్వు చెప్పినవ్, అయింది," అన్నారు.

మంజూరు సంగతి వాళ్లకు చెప్పలేదు. రొట్టెలు తిన్నాను. ఆ రోజు నాకు ఎంత సంతోషంగా ఉందో ఇప్పుడు దాచడం ఎందుకు. చిన్నప్పటి నుంచి ఎవరూ మా ఇంటి గడప దాకా ఏమీ తెచ్చి ఇచ్చింది లేదు.

ఏళ్లు గడిచాయి. అన్న కూడా వార్తల్లోకి వచ్చాడు. మొదట చివరి వార్తగా, తర్వాత మొదటి వార్తగా. వినాయక మండపానికి వెళ్లాడు, ఇఫ్తార్ విందు ఇచ్చాడు, చర్చిలో కేకు కోశాడు, క్రికెట్ టోర్నమెంటుకు రిబ్బను కత్తిరించాడు. "ఆయన పేరు వచ్చినప్పుడు తలెత్తి జర నవ్వు," అని నా భర్త కెమెరా వెనక నుంచి గుర్తుచేసేవాడు. కొన్నాళ్లకు గుర్తుచేయాల్సిన అవసరం లేకపోయింది. ఇంట్లో ఎవరైనా ఆయన పేరెత్తినా నా ముఖం దానంతట అదే నవ్వేది.

మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. అన్న నిలబడాలనుకున్న వార్డు మహిళలకు రిజర్వు అయింది. ఆయన మళ్లీ మా ఇంటికి వచ్చాడు, ఈసారి మిఠాయి డబ్బాతో.

"కాకా, చెల్లెను నిలవెడుతున్న," అన్నాడు.

బాపు అప్పటికి మిల్లు మానేశాడు. దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై, మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగేవాడు. "మాకు రాజకీయం తెల్వదు సారూ," అన్నాడు.

"తెల్వకపోతేనే మంచిది. చూసుకునెటోణ్ని నేనున్న కదా."

"మీ ఇంట్లమ్మను నిలవెట్టొచ్చు కదా," అన్నాను నేను.

అన్న నవ్వాడు. "మా ఇంట్లామెను పక్కింటోళ్లు సుత గుర్తువట్టరు. నీ మొఖం రోజూ అందరి ఇండ్లల్లకు పోతున్నది. నువ్వు కొత్తగ చేసేదేం లేదు చెల్లె. నిలవడు, నవ్వు, గంతే."

ఆయన వెళ్లాక నా భర్తను అడిగాను, వద్దంటే ఏమవుతుందని.

"ఏమైతది. రేపటి సంది నువ్వూ నేనూ ఇంట్ల కూసుంటం," అన్నాడు. కోపంగా అనలేదు. ఇద్దరి జీతమూ ఆ బట్టల దుకాణం పై గది నుంచే వస్తుంది. బాపు మందులూ దానిలోంచే. అయితే ఒక్క భయంతోనే ఒప్పుకున్నానని రాస్తే అది అబద్ధం అవుతుంది. రొట్టెలు తెచ్చిన ఆడవాళ్లు నా కళ్ల ముందు ఉన్నారు. ఈసారి నిజంగానే నేను చెప్తే అవుతుందేమో అనుకున్నాను.

నామినేషన్‌కు ముందు అన్న అందరినీ రెండు జీపుల్లో కొండగట్టు తీసుకెళ్లాడు. కాగితాలు అంజన్న పాదాల దగ్గర పెట్టి తేవాలని ఆయన మొక్కు. నేను వరుసలో నిలబడ్డాను. పూజారి అందరికీ పెట్టినట్టే నా నుదుటికీ సిందూరం పెట్టాడు. చుట్టూ మనుషులు ఎంత భక్తిగా ఉన్నారో చూసి, వాళ్ల మధ్య నేను అబద్ధంలా నిలబడ్డాననిపించి తల దించుకున్నాను. నా భర్త అదంతా కెమెరాలో తీశాడు. మర్నాడు సాయంత్రం ఆ వార్త నేనే చదివాను: "స్వామివారిని దర్శించుకున్న అభ్యర్థి, పట్టణ ప్రజల క్షేమం కోసం ప్రత్యేక పూజలు నిర్వహించారు."

ఆదివారం చర్చిలో ఎవరూ ఏమీ అనలేదు. కానీ వాక్యం చదవడానికి నా పేరు పిలవలేదు. నా బదులు ఒక పదో తరగతి అమ్మాయి చదివింది. కొన్ని వారాలకు సంఘ పెద్దలే ఇంటికి వచ్చారు. చర్చి ముందు సిమెంటు రోడ్డు గురించి అన్నకు చెప్పమన్నారు. బొట్టు సంగతి ఎత్తుతారేమో అని టీ కాస్తున్నంతసేపూ ఎదురుచూశాను. ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

ప్రచారంలో నాకు ఉపన్యాసం చెప్పే పని లేదు. ఆటో మీద మైకులో ముందే రికార్డు చేసిన నా గొంతు వస్తుంటే నేను దండం పెడుతూ వెనక నడిచేదాన్ని. "నమస్కారం, ముఖ్యాంశాలు" అని నా గొంతు వినపడగానే జనం తలుపులు తీసి బయటికి వచ్చేవారు. ఓటు సంగతి తర్వాత, ముందు నన్ను దగ్గరి నుంచి చూడాలి వాళ్లకు. "టీవీల తెల్లగ కనవడుతవ్," "టీవీల లావుగున్నవ్," అని చేతులు పట్టుకుని చెప్పేవారు. ఏం చేస్తావని ఎవరూ అడగలేదు.

మా వార్డులో పల్లంలో ఉన్న వాడను కింది వాడ అంటారు. అక్కడ గాజులు అమ్మే ఒక ముసలామె ఉండేది. భర్త లేడు, కూతురిని భైంసాకు ఇచ్చింది. వాడంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేది. ఆమె నన్ను చూడగానే నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కొలత చూసి, గాజులు తొడిగింది. ఒప్పుకోకుండా ఉండే వీలు లేకుండా తొడిగింది.

"బేటీ, ఓటు ఫికర్ నువ్వు చెయ్యకు. గీ గల్లీ మొత్తం నీదే," అంది. అప్పుడే ఇంకో మాట కూడా చెప్పింది. "వానొస్తే మాత్రం ఇండ్లల్లకు నీళ్లొస్తయ్. నీళ్లు పొయ్యే నాలా బంద్ అయింది. గెలిచినంక జర చూడు."

చూస్తానన్నాను.

నేను గెలిచాను. ప్రమాణం చదివేటప్పుడు నా గొంతు విని హాల్లో ఎవరో "వార్తలు మొదలైనయ్" అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వార్డు ఆఫీసు అన్న ఇంటి ముందు గదిలోనే పెట్టారు. అక్కడ నాకో కుర్చీ ఉండేది. జనం వచ్చి నాకు దండం పెట్టి, కాగితం అన్నకు ఇచ్చేవారు. కౌన్సిల్ సమావేశానికి ముందు రోజు ఏ అంశానికి చెయ్యి ఎత్తాలో ఏ అంశానికి ఎత్తకూడదో రాసిన చీటీ వచ్చేది. సమావేశం జరుగుతున్నంతసేపూ అన్న బయట కారులో కూర్చునేవాడు.

చదవడం మాత్రం మానలేదు. మానితే జనం మరిచిపోతారని అన్న అన్నాడు. అందుకని పొద్దున కౌన్సిలర్, సాయంత్రం వార్తలు. ఇది ఎంత విచిత్రమో మొదట్లో నాకే తెలియలేదు. ఒకరోజు కాగితం మీద ఇలా ఉంది: "వార్డులో పర్యటించిన కౌన్సిలర్, డ్రైనేజీ సమస్యను వారంలో పరిష్కరిస్తామని హామీ ఇచ్చారు." ఆ కౌన్సిలర్ నేనే. ఆ రోజు నేను ఎక్కడా పర్యటించలేదు. బాపును ఆసుపత్రికి తీసుకెళ్లి మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను.

"నేనెక్కడ చెప్పిన గీ మాట?" అని నా భర్తను అడిగాను.

"చెప్పలే. ఇప్పుడు చెప్తున్నవ్ కదా," అన్నాడతను లైటు సర్దుతూ.

చదివాను. ఏడు గంటలకు ఇంట్లో కూర్చుని, నేను ఇచ్చిన హామీని నేనే విన్నాను. మర్నాడు కింది వాడ వాళ్లు దారిలో ఎదురై వారమంటే ఏ వారం అని అడిగారు. ఆ తర్వాత అలాంటివి లెక్కలేనన్ని చదివాను. ఒక్కోసారి నేను ఏం చేశానో ఏం చెప్పానో తెలుసుకోవడానికి నేనూ ఏడింటికి టీవీ పెట్టుకోవలసి వచ్చేది. బాపు పక్కనే మంచం మీద పడుకుని చూసేవాడు. ఒకరోజు, "టీవీల జూస్తే మంచిగనే అనిపిస్తది బిడ్డ. ఇంట్ల జూస్తేనే భయమైతుంది," అన్నాడు. ఎందుకు భయం అని అడగలేదు. అప్పటికి నేను ఇంట్లో కూడా వాక్యం పూర్తయ్యేదాకా ఆగకుండా, ఒకే తీరులో మాట్లాడుతున్నానని తర్వాత నా భర్త చెప్పాడు.

రెండో ఏడు వానలు గట్టిగా పడ్డాయి. కింది వాడలోకి మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాయి. నేను చీర ఎగగట్టుకుని వెళ్లాను. ఖాలా మంచం మీద, గాజుల పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. గాజు గాజులకు ఏమీ కాలేదు. లక్క గాజులు నాని రంగు కారుతున్నాయి. పిండి, బియ్యం, పరుపు అన్నీ పోయాయి.

"నాలా సాఫ్ చేయిస్త ఖాలా," అన్నాను.

"సాఫ్ చేస్తే ఏమైతది బేటీ. నాలా మీద గోడ కట్టిండ్రు కదా. నీకెర్క లేదా?"

నాకు తెలుసు. నాలా పైనే అన్న ఫంక్షన్ హాలు వెనక గోడ లేచింది. ఎన్నికలకు ముందే మొదలైన ఆ కట్టడం నేను గెలిచిన ఏడాదే పూర్తయింది. ప్రారంభోత్సవం వార్త చదివింది నేనే. ఖాలాకు కూడా అది ఎవరి గోడో తెలుసు. ఆమె ఆ పేరు ఎత్తలేదు. నన్నే చూస్తూ, "నువ్వు టీవీల చెప్పు. నువ్వు చెప్తే అయితది," అంది.

ఆ సాయంత్రం స్టూడియోకు అదే తడి చీరతో వెళ్లి, అక్కడ ఉంచుకున్న వేరే చీర కట్టుకుని కూర్చున్నాను. కాగితంలో వానల గురించి ఒక్క ముక్కే ఉంది, చెరువు నిండి రైతులు సంతోషంగా ఉన్నారని. అది చదివాక కాగితం బల్ల మీద పెట్టి, కెమెరాలోకి చూసి చెప్పాను.

"కింది వాడలో ఇళ్లు మునిగాయి. నాలా మీద ఫంక్షన్ హాలు గోడ కట్టడం వల్ల నీళ్లు పోవడం లేదు. ఆ గోడ తీయాలి. నేను ఈ వార్డు కౌన్సిలర్‌ని. ఈ సంగతి నాకు ఏడాదిగా తెలుసు."

కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నా భర్త ఆపలేదు. నేను కాగితం మళ్లీ తీసుకుని పత్తి ధర చదివాను.

ఇంటికి వచ్చి బాపుతో, "ఇయ్యాల వార్తలు మంచిగ చూడు," అన్నాను. ఆయన దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. ఏడయింది. చెరువు నిండిన వార్త వచ్చింది. ఆ తర్వాత తెర మీద నా చెయ్యి ఒక్కసారి ఎగిరినట్టయి, పత్తి ధర వచ్చింది. తర్వాత వాతావరణం, ఆ తర్వాత అన్న పుట్టినరోజు శుభాకాంక్షలు, నమస్కారం.

బాపు ఇంకా చూస్తూనే ఉన్నాడు. "ఏదో ఉన్నదంటివి?" అన్నాడు.

నా భర్త కాసేపటికి వచ్చాడు. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

"నువ్వే తీసేసినవా?" అన్నాను.

"ఇంకెవరు తీస్తరు. గా పని చేసేది నేనొక్కణ్నే కదా."

"అన్నకు చెప్పినవా?"

"చెప్పలే. చెప్తే మనం ఇట్ల కూసొని అన్నం తింటుంటిమా?" అన్నాడు. అన్నం కలుపుతూ, "నువ్వు చెప్పింది తప్పని నేనంటలేను," అన్నాడు. నాకు అతని మీద కోపం తెచ్చుకోవాలని ఉంది. కానీ ఆ మాటలు వెళ్లి ఉంటే మర్నాడు ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఒక మూల నా ప్రాణం ఊరట పడింది. అతని కంటే ఆ ఊరట మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు అన్న స్టూడియోకు వచ్చాడు. ఆయన మామూలుగా వచ్చే రోజు కాదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న మొఖం జర గుంజినట్టున్నది చెల్లె. పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది అన్నా."

"వానల తిరగకు. బాపును సుత చూసుకోవాలె కదా," అన్నాడు. లేచి వెళ్లాడు. ఆయనకు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఇవాళ్టికీ నాకు తెలియదు. నా భర్తకూ తెలియదు. కొన్ని రోజులు మేమిద్దరం ఇంట్లో కూడా ఆ సంగతి మాట్లాడుకోవడానికి భయపడ్డాం.

టీవీలో కాకపోతే కాగితం మీద అన్నా అడుగుదామని, నా చేత్తో దరఖాస్తు రాసి కమిషనర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, రెండుసార్లు చదివాడు.

"ఇది అన్న పంపించారా మేడం?"

"కాదు సార్. నేనే రాసిన."

"ఒకసారి ఆయనతో ఫోన్ చేయించండి. వెంటనే చూద్దాం," అన్నాడు.

కౌన్సిల్ సమావేశంలో లేచి నిలబడ్డాను. అజెండాలో లేని విషయం మాట్లాడాలని అడిగాను. చైర్మన్ గోడ గడియారం చూసి, "ఇంక ఏడు కాలేదు కదా మేడం," అన్నాడు. హాలంతా నవ్వింది. నేను చెప్పాల్సింది చెప్పాను. చెప్తున్నంతసేపూ నవ్వు ఆగలేదు. నా గొంతు ఎక్కడా తడబడలేదు. అదే వాళ్లకు ఇంకా నవ్వు తెప్పించింది. మినిట్స్‌లో ఆ మాటలు లేవు. కారులో ఉన్న అన్నకు మాత్రం ఎవరో చెప్పారు. ఆ నెల నుంచి వార్డు ఆఫీసులో నా కుర్చీ గోడ పక్కకు జరిగింది. అంతకు మించి ఆయన ఏమీ చేయలేదు.

మూడో ఏడు వానల్లో ఖాలా ఇంటి వెనక గోడ కూలింది. ఆమె ముందు గదిలో ఉంది కాబట్టి బతికింది. కూతురు వచ్చి భైంసాకు తీసుకుపోయింది. వెళ్లే రోజు నేను పోలేదు. ఆ రోజు వార్డులో మొక్కలు నాటే కార్యక్రమం ఉంది, ఫొటోలో నేను ఉండాలి.

నా పదవీకాలం అయిపోయింది. ఈలోపు జనం ఏడు గంటలకు టీవీ ముందు కూర్చోవడం తగ్గింది. అందరి చేతుల్లో ఫోన్లు వచ్చాయి. అన్న ఛానల్ కూడా ఫోన్లోకి మారింది. ఇరవై మూడేళ్ల అమ్మాయి ఒకామె మా యాసలో నవ్వించే వీడియోలు చేసేది. పట్నంలో ఎవరి ఫోన్ చూసినా ఆమే. అన్న ఆమెను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టాడు.

"ఈసారి గీ పిల్లను తయారు చేస్తున్న. ఎట్ల దండం వెట్టాలె, ఎట్ల నవ్వాలె, జర నేర్పియ్ చెల్లె."

ఆ అమ్మాయి నా కాళ్లకు దండం పెట్టింది. "అక్కా, నేను చిన్నప్పుడు నిన్ను జూసే మాట్లాడుడు నేర్సుకున్న," అంది. ఆమెకు చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. చీటీ గురించి, కుర్చీ గురించి, తాను ఇవ్వని హామీ తానే చదవడం గురించి. నోటి దాకా వచ్చాయి. నా భర్త లైటు సరిచేస్తున్నాడు. ఇంట్లో బాపు ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని ఉన్నాడు. "గడ్డం జర కిందికి," అన్నాను ఆమెతో.

పోయిన నెలలో ఒక ఆదివారం భైంసా వెళ్లాను, ఖాలాను చూడటానికి. కూతురి ఇల్లు పత్తి గోదాముల వెనక సందులో ఉంది. మా ఛానల్ అక్కడ ఎవరూ చూడరు, నన్నెవరూ గుర్తుపట్టలేదు. ఖాలా బాగా సన్నబడింది. ఒక కంటికి చూపు తగ్గింది. నన్ను గొంతును బట్టి పోల్చుకుంది.

అన్నం పెట్టించింది. వాడలో ఎవరెవరు ఎట్లా ఉన్నారో అడిగింది. నేను వచ్చిన మాట చెప్పాలని చూస్తున్నాను. ఆఖరుకు, "ఖాలా, నేను నీ నాలా చేయించలేకపోయిన," అన్నాను.

"నీకు ఓటెందుకేసిన్నో తెల్సా బేటీ?" అంది. "నేను ఒక్కదాన్నే ఉంటుంటి కదా. రోజూ ఏడింటికి నువ్వు మా ఇంట్లకొస్తుంటివి. నాతోని మాట్లాడుతున్నవనే అనుకుంటుంటి. రోటీ చేసుకుంట నీకు జవాబు సుత చెప్తుంటి. ఇంటి మనిషి నిలవడ్డదని ఏసిన. నువ్వు నన్ను చూస్తలేవని నీళ్లొచ్చిన దినం దాక తెల్వలే."

తిట్టు కాదు అది. ఆమె నిజంగానే ఎట్లా జరిగిందో చెప్తోంది. నేను కాగితం పక్కన పెట్టి చెప్పిన ఆ మాటల సంగతి ఆమెకు చెప్దామనుకున్నాను. అవి ఆమె ఇంటి దాకా రాలేదు కాబట్టి చెప్పలేకపోయాను. లేచేటప్పుడు ఆమె నా చేతులు తడిమి చూసి, ఉత్త చేతులతో తిరుగుతున్నావేమని గొణిగింది.

బస్టాండుకు వచ్చాక నా భర్త ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నవ్?"

"భైంసాల. ఇప్పుడే బస్సు కోసం నిలవడ్డ. లేటైతదేమో."

"ఏం కాదు, మెల్లగ రా. గా పిల్ల ఉన్నది కదా, ఇయ్యాల ఆమె సదువుతదని అన్న అన్నడు."

ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో. ఆ రోజు మొదటిసారి ఎవరో నన్ను రావద్దన్నారు. నేను బెంచీ మీద కూర్చుని టీ తాగి, తర్వాతి బస్సుకు వెళ్లవచ్చు. కానీ ఫోన్ పెట్టేయగానే నిర్మల్ వెళ్లే జీపు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాను. నిర్మల్‌లో సీటు లేని బస్సులో నిలబడి వచ్చాను. దారంతా గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఎందుకు అంత తొందర పడుతున్నానని నన్ను నేనే అడిగాను. అయినా కాళ్లు ఆగలేదు.

మెట్లెక్కి స్టూడియో తలుపు తోసేసరికి ఆరూ నలభై. ఇప్పుడు రికార్డు చేసేదేం లేదు, నేరుగా ఫోన్లలోకి వెళ్తుంది. ఆ అమ్మాయి నా కుర్చీలో కూర్చుని కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. నన్ను చూసి కుర్చీలోంచి సగం లేచింది.

"కూసో," అన్నాను.

"అక్కా, గీ మాట తిరుగుతలేదు. జర చెప్పవా?"

వంగి చూశాను. కింది వాడ కోసం అన్న కొత్తగా ఒక పథకం తెస్తున్నాడని రాసి ఉంది. ఆమెకు నోరు తిరగని మాట సుందరీకరణ. నా భర్త కెమెరా వెనక నుంచి మా ఇద్దరినీ చూస్తున్నాడు.

నేను ఆ మాటను మూడు ముక్కలు చేసి మెల్లగా చెప్పాను. ఆమె నా వెంట అంది. రెండోసారికి బాగా వచ్చింది.